రెండొందల ముప్పై తొమ్మిది

తప్పు నాదే.
చెల్లెలి నంబరులో చివర ఏడు.
గుణుపురం వేబ్రిడ్జి గదిలో ఫ్యాను ఆగిన మధ్యాహ్నం
చెమట వేలు జారి నాలుగు నొక్కింది.
రెండొందల ముప్పై తొమ్మిది రూపాయలు
ఎవరి ఫోన్లోకో వెళ్లి కూర్చున్నాయి.

పొద్దు గూకే వేళకి మెసేజి:
"ఎవరండీ, నా మీద ఇంత దయ?"
తెలుగే, ఇంగ్లీషు అక్షరాల్లో.
దయ కాదు, తిరిగి పంపండి అన్నాను.
"ఒక్కసారే అంటే కష్టం. వారానికో పది."
కోపం రావాల్సిన చోట నవ్వొచ్చింది.
పేరు తెలీక ఆ అంకెనే పేరుగా దాచుకున్నాను.

శనివారం శనివారం పది రూపాయలు,
పదితోపాటు ఒక మాట.
మొదటి పదికి "అందిందా?"
మూడో పదికి "అక్కడా వానేనా?"
ఏడో పదికి "తిన్నావా?"
"మీరు" ఎక్కడ జారిపోయిందో
ఇద్దరం వెతకలేదు.

కాశీనగర్ అవతల రైలు గేటు అతనిది.
రోజుకి నాలుగు బళ్లు. మిగతా పొద్దంతా
ఒక జెండా, ఒక కూజా, ఒక మేక.
మేక అతనిది కాదట.
"ఏటి?" అంటాను నేను.
"ఏటి ఒడ్డునే" అంటాడు అతను.
వంశధార మా మధ్య
ఒకసారి ప్రశ్నగా, ఒకసారి జవాబుగా పారింది.

తెలుగు అతనికి ఇంట్లో మాట, బళ్లో ఒడియా.
నాకు ఒడియా బస్సు బోర్డు మేరకే.
చీటీ వెనక అతని పేరు రాసి ఫోటో పంపాను: దండాసి.
"నా పేరు ఇలా ఉంటుందా,
ప్రతి అక్షరానికీ తలకట్టు!"
నా పేరు ఒడియాలో రాసి పంపాడు.
నూకరత్నం అని పిలిస్తే బళ్లో సిగ్గుపడేదాన్ని.
అక్కడ ప్రతి అక్షరం నెత్తిన ఒక గొడుగు.
ఆ సాయంత్రం జల్లులో తడుస్తూ ఇంటికెళ్లాను,
తడిసినట్టే లేదు.

ఒక రాత్రి "మల్లి రేపు" అని వచ్చింది.
ఎవరీ మల్లి?
నాకు రావాల్సింది కాదేమో ఇది.
తెల్లార్లూ ఆ పిల్లకి జడ వేశాను, పూలు పెట్టాను,
గేటు దగ్గర నిలబెట్టి తిట్టాను.
పొద్దున్న అడిగితే
"మళ్ళీ రేపు మాట్లాడతాను అన్నాను కదా!"
ఒక లకారం వంపులో
నా గుట్టు నాకే బయటపడింది.

పదిహేనో శనివారం పది రాలేదు.
ఏరు పొంగింది, టవర్లు పడ్డాయి అన్నారు.
నిండు లారీ తూచి, ఖాళీ లారీ తూచి
తీసివేస్తే వచ్చేదే సరుకు.
నా ఉద్యోగమంతా ఆ తీసివేత.
అతను రాసిన రోజుని తూచాను,
రాయని రోజుని తూచాను.
వచ్చిన బరువుకి చీటీలో గడి లేదు.
ఆ రోజు రెండు ధాన్యం లారీలకి తప్పు తూకం కొట్టి
సేటు చేత చీవాట్లు తిన్నాను.
నాలుగో రోజు ఇరవై వచ్చింది.
"పది పాతది. పది,
నువ్వు భయపడ్డావని."
భయపడ్డానని నేను చెప్పందే!

ఇరవై మూడో పది నిన్న అందింది.
మిగిలింది తొమ్మిది.
"ఇది ఫోన్లో పంపను. చేతికిస్తాను.
ఆదివారం బండికి రా.
గేటు దగ్గర ఎర్ర జెండా పట్టుకున్నవాడు
నేనొక్కడినే."

ఫోటో అతను అడగలేదు, నేనూ అడగలేదు.
నాకు తెలిసిన ముఖం
పది రూపాయల నోటంత.
తొమ్మిది రూపాయలు తీసుకున్నాక
ఇద్దరం ఏం మాట్లాడుకుంటాం?
అప్పు తీరినవాళ్లు
ఎలా నిలబడతారో నాకు తెలీదు.

పొద్దున్నే వేబ్రిడ్జి గది తెరిచాను.
లారీలింకా రాలేదు. కాటా మీద మంచు ఒక్కటే,
సున్నా చూపిస్తోంది.
ఫోను తీసి చెల్లెలి నంబరు కొట్టాను, చివరిదాకా.
ఏడు దగ్గర వేలు ఆగింది.

మార్గశిరం చలి.
చెమట లేదు, ఫ్యాను అక్కర్లేదు.
నాలుగు నొక్కాను.